జర్మనీలో స్టూడెంట్ రెసిడెన్స్ పర్మిట్: ఏ కాగితం, ఏ వరసలో, ఎప్పటిలోగా

పాస్‌పోర్టు మీద వీసా స్టిక్కర్ పడగానే చాలామంది ఇక పని అయిపోయిందనుకుంటారు. ఆ స్టిక్కర్‌ని నేషనల్ వీసా అంటారు, డి వీసా అని కూడా. దేశంలోకి రావడానికి, మొదటి కొన్ని నెలలు ఉండటానికి మాత్రమే అది పనికొస్తుంది. చదువు పూర్తయ్యేదాకా ఉండాలంటే జర్మనీ చేరాక మళ్లీ రెసిడెన్స్ పర్మిట్‌కి అప్లై చేసుకోవాలి. రెసిడెన్స్ చట్టంలో చదువు కోసం ఉన్న సెక్షన్ 16బి కింద ఇచ్చే కార్డు అది.

"అన్నా, ఫారం ఎలా నింపాలి?" అని ప్రతి సెప్టెంబర్ బ్యాచ్‌లోనూ అడుగుతారు. ఫారం అరగంట పని. అసలు చిక్కు వరసలో ఉంది. ఇల్లు లేనిదే అడ్రస్ రిజిస్ట్రేషన్ అవ్వదు. రిజిస్ట్రేషన్ లేనిదే పర్మిట్ ఫైలు ముందుకు కదలదు. ఒక కాగితం ఆలస్యమైతే దాని వెనక ఉన్నవన్నీ ఆగిపోతాయి. ఈలోపు వీసా మీది తేదీ మాత్రం దగ్గర పడుతూనే ఉంటుంది.

1. విమానం ఎక్కకముందే తేల్చుకోవాల్సినవి

ముందు పాస్‌పోర్టు గడువు చూసుకోండి. సాధారణంగా పాస్‌పోర్టు గడువు దాటి పర్మిట్ ఇవ్వరు. రెండేళ్ల కోర్సుకి వెళ్తూ పాస్‌పోర్టులో ఏడాదే మిగిలి ఉంటే కార్డు కూడా ఆ ఏడాదికే వచ్చే అవకాశం ఎక్కువ. తర్వాత మళ్లీ అప్లికేషన్, మళ్లీ ఫీజు. జర్మనీలో రెన్యువల్ చేయించుకోవాలంటే బెర్లిన్‌లోని భారత రాయబార కార్యాలయానికో, ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్, హాంబర్గ్ కాన్సులేట్లలో మీ ప్రాంతానికి సంబంధించినదానికో వెళ్లాలి. వీసాకి అప్లై చేయకముందే ఇక్కడ చేయించుకుంటే హాయి.

తర్వాత పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, బీటెక్ మెమోలో అది ఇనీషియల్ అయిపోతుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగానే ఉంటుంది. మన దగ్గర ఇది మామూలే. జర్మన్ ఆఫీసులకు మాత్రం పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో అదే ప్రమాణం. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే వీసా ప్రయత్నం మొదలుపెట్టకముందే పాస్‌పోర్టు సరిచేయించుకోండి. అడ్మిషన్ లెటర్, ఇన్సూరెన్స్, బ్యాంకు, ఇంటి అగ్రిమెంట్ అన్నింట్లోనూ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి.

వెంట తీసుకెళ్లాల్సినవి:

- పాస్‌పోర్టు, వీసా పేజీ స్కాన్ కాపీలు
- అడ్మిషన్ లెటర్
- ఏపీఎస్ సర్టిఫికెట్ (మన మెమోలు, డిగ్రీలు అసలైనవేనని పరిశీలించి ఇచ్చేది; 2022 నవంబర్ నుంచి భారతీయ విద్యార్థులకు స్టూడెంట్ వీసాకి తప్పనిసరి, ఎన్‌రోల్‌మెంట్‌కి అడగవచ్చు)
- బ్లాక్డ్ అకౌంట్ (ఏడాది ఖర్చు ముందే వేసి, నెలకి ఇంత అని మాత్రమే తీసుకోగలిగే ఖాతా) కన్ఫర్మేషన్
- టెన్త్, ఇంటర్, డిగ్రీ ఒరిజినల్స్
- హెల్త్ ఇన్సూరెన్స్ తాలూకు కాగితాలు, ఈమెయిళ్లు
- బర్త్ సర్టిఫికెట్ (స్టూడెంట్లను మామూలుగా అడగరు, అయినా సూట్‌కేసులో ఉండనివ్వండి)

పాస్‌పోర్టు సైజు ఫోటోల కోసం డబ్బు తగలేయకండి. 2025 మే నుంచి పర్మిట్ కార్డుకి డిజిటల్ ఫోటోయే తీసుకుంటున్నారు. అక్కడి గుర్తింపు పొందిన స్టూడియోలోనో, ఆఫీసులో ఉన్న మెషీన్ దగ్గరో దిగాలి. అమీర్‌పేటలో దిగిన ఫోటోలు బస్ పాస్ లాంటి వాటికి పనికొస్తాయేమో గానీ కార్డుకి కాదు.

2. గది చూసేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న

అద్దె ఎంత అనే ముందు "ఈ అడ్రస్ మీద రిజిస్ట్రేషన్ చేసుకోనిస్తారా?" అని అడగండి. ఈ రిజిస్ట్రేషన్‌నే ఆన్‌మెల్డుంగ్ అంటారు. కుదరదంటే ఆ గది ఎంత చవకైనా మీకు పనికిరాదు. తాత్కాలికంగా ఒక నెల ఉండి మారిపోదాం అనుకున్నా ఆ నెలంతా మీ పనులు స్తంభించిపోతాయి.

రిజిస్ట్రేషన్‌కి ఇంటి ఓనర్ సంతకం చేసిన ఒక పేజీ కాగితం కావాలి. దాని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. మీరు ఫలానా తేదీన ఈ ఇంట్లో దిగారని ఓనర్ ధ్రువీకరించడమే అందులో ఉండేది. అద్దె అగ్రిమెంట్ దీనికి బదులు కాదు, రెండూ వేర్వేరు. మీరు ఒక స్టూడెంట్ దగ్గర సబ్‌లెట్ తీసుకుంటే ఆ స్టూడెంట్ సంతకం చేయొచ్చు, కానీ సబ్‌లెట్‌కి అసలు ఓనర్ ఒప్పుకున్నట్టు రాతలో ఉండాలి. యూనివర్సిటీ హాస్టళ్లు నడిపే స్టుడియరెండెన్‌వెర్క్ గది దొరికితే ఈ తలనొప్పి ఉండదు, ఆ కాగితం వాళ్లే ఇస్తారు. అడ్మిషన్ వచ్చిన రోజే అక్కడ వెయిటింగ్ లిస్టులో పేరు పెట్టండి.

"ఉండక్కర్లేదు, అడ్రస్ మాత్రం ఇస్తాం, నెలకి ఇంత" అనేవాళ్లు మన గ్రూపుల్లోనూ కనిపిస్తారు. వాళ్ల జోలికి పోవద్దు. ఉండని ఇంటి మీద రిజిస్టర్ చేసుకోవడం చట్టవిరుద్ధం. అలా అడ్రస్ ఇచ్చినవాళ్లకి 50,000 యూరోల దాకా జరిమానా పడవచ్చు. పైగా పర్మిట్ ఇచ్చే ఫారినర్స్ ఆఫీసు ఉత్తరాలన్నీ ఆ అడ్రస్‌కే పోతాయి, మీ చేతికి రావు.

గది చూడకుండా, తాళాలు చేతికి రాకుండా డిపాజిట్ పంపమంటే అది మోసమనే లెక్క వేసుకోండి. ఊళ్లో ఉన్న సీనియర్ ఎవరినైనా పంపి చూపించుకోండి.

3. దిగిన రెండు వారాల్లో: ఆన్‌మెల్డుంగ్

ఇంట్లో దిగిన రెండు వారాల్లో అడ్రస్ నమోదు చేసుకోవాలని చట్టం. ఊరిని బట్టి ఆ ఆఫీసుని బ్యూర్గర్‌ఆమ్ట్ అనో బ్యూర్గర్‌బ్యూరో అనో అంటారు. అపాయింట్‌మెంట్ ఆన్‌లైన్‌లో బుక్ చేయాలి. సెప్టెంబర్, అక్టోబర్‌లలో స్లాట్లు దొరకడం కష్టం కాబట్టి ఇల్లు ఖాయమైన రోజే, ఇంకా ఇండియాలో ఉన్నా సరే, బుక్ చేసేయండి. రెండు వారాలు దాటాక స్లాట్ దొరికినా కంగారు పడొద్దు, బుక్ చేసిన ఈమెయిల్ దాచుకుంటే చాలు.

పాస్‌పోర్టు, ఓనర్ ఇచ్చిన కాగితం, నింపిన ఫారం ఉంటే పది నిమిషాల్లో అయిపోతుంది. చేతికిచ్చే సర్టిఫికెట్ పేరు మెల్డెబెష్టేటిగుంగ్. మీ పేరు, పుట్టిన తేదీ, అడ్రస్ అక్కడే నిలబడి చదివి చూసుకోండి. తప్పుంటే అప్పుడే చెప్తే నిమిషంలో దిద్దుతారు.

ఆ ఫారంలో మతం గడి ఒకటి ఉంటుంది. కాథలిక్, ప్రొటెస్టంట్ అని నమోదైతే రేపు ఉద్యోగంలో ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేటప్పుడు దాని మీద 8 లేదా 9 శాతం చర్చి పన్ను కూడా పడుతుంది. మన క్రైస్తవ విద్యార్థులు చాలామందికి ఈ సంగతి మొదటి జీతం స్లిప్పు చూసేదాకా తెలీదు. ఏం రాయాలో మీ ఇష్టం, తెలిసి రాయండి.

4. పోస్ట్ డబ్బా

వినడానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ ఫైళ్లు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. జర్మనీలో అడ్రస్‌కి సాధారణంగా ఫ్లాట్ నంబర్ ఉండదు. వీధి, ఇంటి నంబర్ ఉంటాయి. కింద గోడకి పది పన్నెండు డబ్బాలుంటాయి, పోస్ట్‌మన్ వాటి మీది పేర్లు చూసి ఉత్తరం వేస్తాడు. పేరు లేకపోతే "ఈ అడ్రస్‌లో ఇలాంటివారు లేరు" అని వెనక్కి పంపేస్తాడు. ట్యాక్స్ నంబర్, ఇన్సూరెన్స్ కార్డు, బ్యాంక్ కార్డు, ఆ తర్వాత ఫారినర్స్ ఆఫీసు పిలుపు, అన్నీ ఆ డబ్బాలోకే రావాలి.

ఇంట్లో దిగిన రోజే చిన్న కాగితం మీద పాస్‌పోర్టులోని సర్‌నేమ్ పెద్ద అక్షరాల్లో రాసి డబ్బాకి టేపు వేయండి. కింద కాలింగ్ బెల్ మీద కూడా. మీ సర్‌నేమ్ పాస్‌పోర్టులో ఒకటుండి అందరూ పిలిచే పేరు ఇంకొకటైతే రెండూ రాయండి. ఇద్దరు ముగ్గురు కలిసి ఉంటే అందరి పేర్లూ పెట్టాలి. ఓనర్ ఇంట్లోనే ఉంటున్నట్టయితే అడ్రస్‌లో ముందు మీ పేరు, కింద "సి/ఓ" పెట్టి ఓనర్ పేరు రాయించండి.

ఆన్‌మెల్డుంగ్ అయిన కొన్నాళ్లకు రేడియో, టీవీ చందా కట్టమని ఉత్తరం వస్తుంది. ఇంటికి నెలకు 18.36 యూరోలు. ఇంట్లో ఒకరు కడితే సరిపోతుంది, మిగతావాళ్లు వాళ్ల నంబర్ ఇచ్చి జవాబు రాయాలి. పర్మిట్‌తో దీనికి సంబంధం లేదు, అలాగని చెత్తబుట్టలో వేయొద్దు.

5. ఇన్సూరెన్స్, ఎన్‌రోల్‌మెంట్, బ్యాంకు

30 ఏళ్లు నిండనివాళ్లు పబ్లిక్ హెల్త్ ఇన్సూరెన్స్‌లో స్టూడెంట్ రేటుకి చేరొచ్చు. టీకే, ఏఓకే, బార్మర్ లాంటివి. 2025లో నెలకు సుమారు 140 నుంచి 150 యూరోలు. వీసా కోసం కొన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ ప్రయాణానికీ మొదటి రోజులకీ మాత్రమే, అది చూపిస్తే పర్మిట్ రాదు.

చవక అని ప్రైవేట్ పాలసీ తీసుకునేముందు ఒక్కసారి ఆగండి. పబ్లిక్ నుంచి మినహాయింపు తీసుకుంటే ఆ చదువు పూర్తయ్యేదాకా వెనక్కి రాలేరు. ముప్పై దాటినవాళ్లకి ఎలాగూ దారి వేరు, వాళ్లు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగాకే పాలసీ కొనాలి.

ఇన్సూరెన్స్ సంస్థ మీ వివరాలు నేరుగా యూనివర్సిటీకి ఎలక్ట్రానిక్‌గా పంపుతుంది. సెమిస్టర్ ఫీజు కట్టాక ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్ వస్తుంది. మామూలు కరెంట్ అకౌంట్ తెరిచి, ఆ నంబర్ బ్లాక్డ్ అకౌంట్ కంపెనీకి ఇస్తే నెలనెలా 992 యూరోలు అందులో పడతాయి. ఇవన్నీ సాఫీగా జరిగిపోయేవే, ఆన్‌మెల్డుంగ్ ఒక్కటి ముందు పూర్తయి ఉంటే.

6. ఏ ఆఫీసు, ఎప్పుడు

పర్మిట్ ఇచ్చేది ఔస్‌లెండర్‌బెహోర్డె. మనవాళ్లు ఫారినర్స్ ఆఫీస్ అంటారు. యూనివర్సిటీ ఏ ఊళ్లో ఉందన్నది లెక్కలోకి రాదు, మీరు ఏ ఊళ్లో రిజిస్టర్ అయ్యారో ఆ ఊరి ఆఫీసుకే వెళ్లాలి. పెద్ద నగరాలకి సొంత ఆఫీసు ఉంటుంది. చిన్న ఊళ్లయితే జిల్లా కార్యాలయం, అంటే లాండ్‌రాట్స్‌ఆమ్ట్ చూసుకుంటుంది.

ఒక లెక్క చూడండి. సెప్టెంబర్ 25న వచ్చారు, వీసా మార్చి 24 వరకు ఉంది.

- అక్టోబర్ మొదటి వారం: ఆన్‌మెల్డుంగ్
- అక్టోబర్ చివరికి: ఇన్సూరెన్స్, బ్యాంకు, ఎన్‌రోల్‌మెంట్
- నవంబర్: ఆఫీసు వెబ్‌సైట్‌లో లిస్టు చూసి ఫైలు తయారీ
- డిసెంబర్ చివర లేదా జనవరి మొదట్లో: అప్లికేషన్ పంపడం
- జనవరి, ఫిబ్రవరి: వచ్చే సెమిస్టర్ ఫీజు కట్టి కొత్త సర్టిఫికెట్ తీసుకోవడం

గడువుకి రెండు నెలల ముందు పంపితే చిన్న ఊళ్లో సరిపోతుంది. బెర్లిన్, ఫ్రాంక్‌ఫర్ట్, స్టుట్‌గార్ట్ లాంటి చోట్ల మూడు నెలల ముందే మొదలుపెట్టండి.

చివరి లైను చాలామంది చూసుకోరు. వింటర్ సెమిస్టర్ సర్టిఫికెట్ సాధారణంగా మార్చి 31తో ముగుస్తుంది. మార్చిలో అపాయింట్‌మెంట్ పడితే ఆఫీసర్ ఏప్రిల్ నుంచి మొదలయ్యే సమ్మర్ సెమిస్టర్‌ది అడుగుతారు. ఫీజు గడువు ఫిబ్రవరిలో దాటిపోయి ఉంటే అక్కడ మాట్లాడటానికేం ఉండదు.

7. ఫైలులో ఉండాల్సినవి

ఊరిని బట్టి ఒకటి రెండు కాగితాలు తేడా వస్తాయి. మీ ఆఫీసు వెబ్‌సైట్‌లోని లిస్టే చివరి మాట. పక్క ఊరి ఫ్రెండ్ లిస్టు మీకు వర్తించదు.

- నింపి సంతకం చేసిన అప్లికేషన్ ఫారం
- పాస్‌పోర్టు, వీసా
- డిజిటల్ ఫోటో కోడ్ (ఫోటో దిగిన స్టూడియో ఇచ్చేది; ఆఫీసులోనే దిగేటట్టయితే అక్కర్లేదు)
- అడ్రస్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్
- ఇంటి అగ్రిమెంట్, అద్దె ఎంతో కనపడేలా
- నడుస్తున్న సెమిస్టర్ ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్, వీలైతే తర్వాతి సెమిస్టర్‌ది కూడా
- హెల్త్ ఇన్సూరెన్స్ మెంబర్‌షిప్ సర్టిఫికెట్
- డబ్బు రుజువు
- ఫీజు: మొదటిసారి సాధారణంగా 100 యూరోలు

అన్నీ స్కాన్ చేసి ఒక్కో పత్రానికి ఒక్కో పీడీఎఫ్ చేయండి. ఫైలు పేరులో ముందు మీ సర్‌నేమ్, తర్వాత పత్రం పేరు ఉండాలి. ఫోన్‌తో వంకరగా తీసిన ఇరవై ఫోటోలు జతచేసి పంపితే ఆ మెయిల్‌ని తెరిచేవాళ్లే ఉండరు.

8. డబ్బు రుజువు: ఎక్కువ గొడవ ఇక్కడే

2024 సెప్టెంబర్ నుంచి లెక్క నెలకు 992 యూరోలు, ఏడాదికి 11,904. వీసాకి వెళ్లేటప్పుడు ఆ మొత్తం బ్లాక్డ్ అకౌంట్‌లో వేసే ఉంటారు. కానీ జనవరిలో పర్మిట్‌కి అప్లై చేసేసరికి మూడు నాలుగు నెలలది ఖర్చయిపోయి ఉంటుంది. నాలుగు నెలలు పోతే మిగిలేది 7,936. కొన్ని ఆఫీసులు అంతటితో సరిపెట్టుకుంటాయి. కొన్ని మళ్లీ పూర్తి ఏడాదికి చూపమంటాయి, లేదా పర్మిట్ వ్యవధి తగ్గించి ఇస్తాయి. ముందే మెయిల్ పెట్టి అడగండి.

బ్లాక్డ్ అకౌంట్ కాక ఇంకేవి చెల్లుతాయి?

పార్ట్‌టైమ్ జాబ్ ఉంటే కాంట్రాక్టు, చివరి మూడు నెలల జీతం స్లిప్పులు, జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్లు. జీతం 992కి తక్కువైతే మిగతాది అకౌంట్‌లో ఉన్న సొమ్ముతో కలిపి చూపించొచ్చు. స్కాలర్‌షిప్ ఉంటే నెలకి ఎంతో, ఎప్పటిదాకానో రాసిన లెటర్. జర్మనీలో ఉద్యోగం చేస్తున్న అక్కో, బాబాయో ఉంటే వాళ్లు తమ ఊరి ఫారినర్స్ ఆఫీసుకి వెళ్లి మీ ఖర్చు భరిస్తామని సంతకం చేసే పత్రం ఒకటుంది, ఫెర్‌ఫ్లిఖ్తుంగ్స్‌ఎర్క్లేరుంగ్. మామూలు తెల్లకాగితం మీద రాసిస్తే చెల్లదు. సంతకం పెట్టేవాళ్లకి అది చాలా బరువైన హామీ, మొహమాటానికి అడగొద్దు.

చెల్లనిది ఒకటి స్పష్టంగా చెప్తాను. తెలిసినవాళ్ల దగ్గర వారం రోజులకి చేబదులు తెచ్చి అకౌంట్‌లో వేసి, స్టేట్‌మెంట్ తీసి, మళ్లీ తిరిగి పంపించేయడం. ఆఫీసర్లు మూడు నెలల స్టేట్‌మెంట్ అడుగుతారు. నెలంతా 300 యూరోలున్న అకౌంట్‌లో అపాయింట్‌మెంట్‌కి రెండు రోజుల ముందు పన్నెండు వేలు ప్రత్యక్షమైతే ఎక్కడివని అడగకుండా ఉంటారా?

ఇంటి నుంచి డబ్బు రావాలంటే అమ్మానాన్నలకి నెల ముందే చెప్పండి. ఆర్‌బీఐ ఎల్‌ఆర్‌ఎస్ పద్ధతిలో (విదేశాలకి డబ్బు పంపడానికి ఉన్న పథకం) పంపేటప్పుడు పాన్, అడ్మిషన్ లెటర్, మీ పాస్‌పోర్టు కాపీ బ్యాంకులో అడుగుతారు. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షల వరకు టీసీఎస్ (పంపే సొమ్ము మీద బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) లేదు. గుర్తింపు ఉన్న సంస్థ నుంచి తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్ సొమ్ముకైతే అసలే లేదు. ఒకవేళ పట్టుకున్నా పంపినవాళ్లు ఐటీ రిటర్న్‌లో తిరిగి సర్దుబాటు చేసుకోవచ్చు.

9. అపాయింట్‌మెంట్ దొరకనప్పుడు

"అన్నా, స్లాట్లే లేవు. వీసా ఇంకో పది రోజులే ఉంది. ఇల్లీగల్ అయిపోతానా?"

అవ్వరు, గడువు లోపల అప్లికేషన్ పెట్టి ఉంటే. చట్టంలో సెక్షన్ 81 ఏం చెప్తుందంటే, ఉన్న వీసా ముగియకముందే కొత్త పర్మిట్‌కి దరఖాస్తు చేస్తే, ఆఫీసు నిర్ణయం తీసుకునేదాకా పాత హక్కులే కొనసాగుతాయి. ఇక్కడ తేడా గమనించండి: దరఖాస్తు వేరు, అపాయింట్‌మెంట్ వేరు. ఏప్రిల్‌లో స్లాట్ బుక్ చేసి పెట్టుకుని, మార్చిలో వీసా అయిపోయేదాకా ఒక్క కాగితమూ పంపకుండా కూర్చోవడం ప్రమాదం. స్లాట్ ఉన్నా లేకున్నా దరఖాస్తు రాతపూర్వకంగా ముందే చేరిపోవాలి.

చేయాల్సిన క్రమం ఇది:

1. ఆన్‌లైన్ అప్లికేషన్ ఉంటే అందులోనే పెట్టండి. చివర్లో వచ్చే కన్ఫర్మేషన్ పేజీని పీడీఎఫ్‌గా దాచండి.
2. ఆన్‌లైన్ లేకపోతే ఫారం, పత్రాలు ఈమెయిల్‌లో పంపండి.
3. అదే సెట్ ప్రింట్ తీసి రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపండి. అక్కడ దాన్ని ఐన్‌ష్రైబెన్ అంటారు. రసీదు జాగ్రత్త.
4. రెండు వారాల్లో జవాబు రాకపోతే, పాత మెయిల్‌కే రిప్లై పెట్టి గుర్తు చేయండి. రోజుకో కొత్త మెయిల్ పెడితే మీ ఫైలు నాలుగు ముక్కలవుతుంది.
5. గడువుకి పది రోజులుండగా కూడా ఉలుకూ పలుకూ లేకపోతే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లండి. చాలా చోట్ల వాళ్లకి ఫారినర్స్ ఆఫీసుతో నేరుగా మాట్లాడే వీలుంటుంది. స్టూడెంట్ యూనియన్, అంటే ఆస్టాలో ఉచిత న్యాయ సలహా కూడా చాలా యూనివర్సిటీల్లో దొరుకుతుంది.

మెయిల్ జర్మన్‌లో, పొట్టిగా ఉండాలి. కథ చెప్పొద్దు. ఇంతే రాయండి: "నేను ఫలానా యూనివర్సిటీలో మాస్టర్స్ విద్యార్థిని. నా వీసా 24 మార్చితో ముగుస్తుంది. సెక్షన్ 16బి కింద రెసిడెన్స్ పర్మిట్‌కి ఇందుమూలంగా దరఖాస్తు చేస్తున్నాను. పత్రాలు జతచేశాను. దరఖాస్తు అందినట్టు తెలియజేసి, అపాయింట్‌మెంట్ ఇవ్వగలరు." కింద పూర్తి పేరు, పుట్టిన తేదీ, అడ్రస్, పాస్‌పోర్టు నంబర్. సబ్జెక్ట్ లైనులో సర్‌నేమ్, పుట్టిన తేదీ, వీసా ముగిసే తేదీ. ఆ తేదీ కనపడితేనే మీది ముందు చూడాల్సిన ఫైలని వాళ్లకి తెలుస్తుంది.

స్లాట్లు డబ్బుకి అమ్ముతామనే మెసేజ్‌లు టెలిగ్రామ్‌లో తిరుగుతుంటాయి. కొనొద్దు. వేరే పేరు మీద బుక్ అయిన స్లాట్‌తో వెళ్తే కౌంటర్ దగ్గరే వెనక్కి పంపేస్తారు.

10. మధ్యకాలానికి ఇచ్చే కాగితం

నిర్ణయం ఆలస్యమయ్యేటప్పుడు ఫిక్త్సియోన్స్‌బెషైనిగుంగ్ అనే మడతల కాగితం ఇస్తారు. అడగకపోతే ఇవ్వకపోవచ్చు, అడిగి తీసుకోండి. పార్ట్‌టైమ్ జాబ్ ఇచ్చేవాళ్లకి, బ్యాంకుకి చూపించడానికి అదే ఆధారం.

చేతికి రాగానే లోపలి పేజీలో ఏ గడిలో టిక్ ఉందో చూడండి. సెక్షన్ 81 పేరా 4 అని ఉంటే పాత వీసా హక్కులు కొనసాగుతున్నట్టు, ఇండియా వెళ్లి తిరిగి రావచ్చు. పేరా 3 అని ఉంటే జర్మనీలో ఉండొచ్చు గానీ, బయటికి వెళ్తే దాని మీద తిరిగి లోపలికి రాలేరు. డి వీసా గడువులోపే అప్లై చేసినవాళ్లకి పేరా 4 రావాలి. తప్పు గడిలో టిక్ పడితే అక్కడే అడగండి.

పేరా 4 కాగితం ఉన్నా, అక్క పెళ్లి లాంటి తప్పని పని అయితేనే ప్రయాణం పెట్టుకోండి. శంషాబాద్‌లోనో, మధ్యలో గల్ఫ్‌లో విమానం మారే చోటో చెక్‌ఇన్ కౌంటర్‌లో ఉన్నవాళ్లు ఆ కాగితాన్ని ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు. ఎయిర్‌లైన్‌కి ముందే మెయిల్ పెట్టి, జవాబు ప్రింట్ తీసుకుని వెళ్లడం మేలు.

11. ఆఫీసులో ఆ పదిహేను నిమిషాలు

ఒరిజినల్స్ ఒక ఫోల్డర్‌లో, కాపీలు ఇంకో దాంట్లో, లిస్టు వరసలోనే పెట్టుకోండి. పది నిమిషాలు ముందే చేరండి. వేలిముద్రలు తీసుకుంటారు, సంతకం చేయిస్తారు, ఫీజు ఎక్కువగా కార్డుతోనే కడతారు. ఎత్తు, కళ్ల రంగు కూడా అడుగుతారు, కార్డు మీద ముద్రించడానికి. మీ ఎత్తు సెంటీమీటర్లలో తెలుసుకుని వెళ్లండి, అడుగులు అంగుళాలు అక్కడ పనిచేయవు.

ఇంగ్లిష్‌లో మాట్లాడతారన్న హామీ లేదు. జర్మన్ వచ్చిన ఫ్రెండ్‌ని వెంట తీసుకెళ్లొచ్చు. ఏదైనా పత్రం తక్కువైందంటే వాదించకండి. "ఏది కావాలో, ఏ తేదీలోగా, ఏ మెయిల్‌కి పంపాలో రాసివ్వండి" అని అడగండి. ఆ చీటీ ఉంటే చాలావరకు మళ్లీ అపాయింట్‌మెంట్ అక్కర్లేకుండానే పని నడుస్తుంది.

అదనపు పత్రాలడుగుతూ ఉత్తరం వస్తే అందులో గడువు తేదీ ఉంటుంది. ఆ లోపు ఇవ్వలేకపోతే కారణం చెప్పి గడువు పెంచమని ముందే రాయండి. మౌనంగా ఉంటే మాత్రం తిరస్కరణ దాకా వెళ్తుంది. తిరస్కరణ ఉత్తరం వస్తే అప్పీలు గడువు అందులోనే ఉంటుంది, చాలా తక్కువ రోజులు. ఆ రోజే ఆస్టా న్యాయ సలహాకో, లాయర్ దగ్గరికో వెళ్లాలి.

12. కార్డు చేతికి వచ్చాక

వేలిముద్రలిచ్చాక నాలుగు నుంచి ఆరు వారాలు పట్టడం మామూలు. కార్డుతో పాటు ఆకుపచ్చ మడత కాగితం ఒకటి ఇస్తారు, త్సుజాత్స్‌బ్లాట్. కార్డు పర్సులో పెట్టుకుని దీన్ని ఎక్కడో పడేస్తుంటారు. మీ షరతులన్నీ దాని మీదే ఉంటాయి, పార్ట్‌టైమ్ జాబ్‌కి చేరేటప్పుడు రెండూ అడుగుతారు.

చదివి చూసుకోవాల్సినవి:

- పేరు, పుట్టిన తేదీ, కార్డు గడువు
- యూనివర్సిటీ, కోర్సు పేరు రాసి ఉంటే అవి సరైనవేనా
- పని అనుమతి: ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు (2024 మార్చికి ముందు ఇది 120, 240)
- సొంతంగా బిల్లు వేసుకునే పనికి అనుమతి లేదన్న వాక్యం

చివరిది ఫుడ్ డెలివరీలు, ఫ్రీలాన్స్ కోడింగ్ చేసేవాళ్లు జాగ్రత్తగా చదవాలి. కంపెనీలో ఉద్యోగిగా చేరి డెలివరీ చేస్తే అది పార్ట్‌టైమ్ జాబ్. సొంత వ్యాపారిగా నమోదై చేస్తే అది స్వయం ఉపాధి, దానికి ఫారినర్స్ ఆఫీసు అనుమతి వేరుగా కావాలి. యూనివర్సిటీలో చేసే స్టూడెంట్ అసిస్టెంట్ పని మాత్రం ఆ 140 రోజుల లెక్కలోకి రాదు.

కార్డు ఉందని నిశ్చింతగా ఆరు నెలలకి మించి దేశం బయట ఉంటే పర్మిట్ రద్దయిపోతుంది. ఇంటి దగ్గర ఎక్కువ కాలం ఉండాల్సిన పని పడితే వెళ్లేముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. కోర్సు మారినా, చదువు మానినా ఆఫీసుకి వెంటనే చెప్పాలి.

13. రెన్యువల్, ఊరు మారడం

ఫీజు 93 యూరోలు, ఫైలు దాదాపు ఇదే. అదనంగా మార్కుల ట్రాన్స్‌క్రిప్ట్ చూస్తారు. క్రెడిట్లు బాగా వెనకబడి ఉంటే ఎందుకు ఆలస్యమైంది, ఎప్పటికి పూర్తవుతుంది అన్నది డిపార్ట్‌మెంట్ నుంచి రాయించుకుని ఫైలులో పెట్టండి, వాళ్లు అడిగేదాకా ఆగొద్దు. చదువు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల పర్మిట్ ఉంది. దానికీ స్టూడెంట్ పర్మిట్ బతికుండగానే అప్లై చేయాలి.

ఇంటర్న్‌షిప్ కోసమో, థీసిస్ కోసమో వేరే ఊరికి మారి ఇల్లు తీసుకుంటే రెండు వారాల్లో అక్కడ అడ్రస్ మార్పించాలి. అప్పటినుంచి మీ ఫైలు కొత్త ఊరి ఫారినర్స్ ఆఫీసుది. పాత ఆఫీసు నుంచి ఫైలు రావడానికి వారాలు పట్టొచ్చు. అందుకే అడ్రస్ మారిన రోజే కొత్త ఆఫీసుకి మెయిల్ పెట్టి, పాత ఊరి పేరు, అక్కడి ఫైల్ నంబర్, పర్మిట్ ముగిసే తేదీ రాసి, ఫైలు తెప్పించమని అడగండి.